డబ్బాలో పంపిన గొంతు

పోశెట్టి సెలవు మీద ఊరికి పోతున్నాడు కాబట్టి అతని అట్టడబ్బాలో నా గొంతును కూడా పంపుతున్నాను. సబ్బులకూ పాలపొడికీ మధ్య కొంచెం జాగా ఉంది. గొంతును నా పాత ఎర్రగళ్ల తువ్వాలులో చుట్టి అక్కడ పెడతాను.

ఎడారి క్యాంపులో ఇది పద్ధతే. ఊరికి పోయేవాడి డబ్బాలో గదిలోని ప్రతివాడూ తన ఇంటికని ఏదో ఒకటి పెడతాడు. కాదనేవాడు ఉండడు, కాదంటే రేపు వాడి సామాను ఎవరు మోస్తారు? అత్తరు, తలనొప్పి బాము, పిల్లల బూట్లు. ఈసారి నా దగ్గర అవేవీ లేవు, గొంతు ఒక్కటే ఉంది. పోశెట్టి డబ్బాను కాంటాకు వేలాడదీసి చూస్తాడు. గొంతు పెట్టినా ముల్లు ముందున్న చోటి నుంచి కదలదు.

"దీనికి తూకం లేదు, మంచిగైంది. ఇంట్ల ఎవలకియ్యాలె?"

"నా బిడ్డ అక్షితకియ్యి," అని డబ్బాలోంచి నా గొంతే జవాబు చెబుతుంది. "ఫోన్ల నన్ను జూసి, అమ్మా గీ అంకుల్ ఎవలు అన్నది."

ఆ మాట నాకు చేపముల్లులా గుచ్చుకుని ఉంది. నా భార్య గంగామణి కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడికి వచ్చినవాణ్ణి నేను. బిడ్డకు ముందు నా గొంతు అలవాటైతే, సెలవు మీద నేను పోయేసరికి పరాయివాడని ఏడవకుండా దగ్గరికి వస్తుంది. నాకు కావలసింది అంతే.

గొంతు లేకపోయినా పని ఆగదు. ఫోర్‌మెన్ సంతోషంగా ఉన్నాడు. మాట్లాడని మనిషి ఎండలో తక్కువ నీళ్లు తాగుతాడని అతని అభిప్రాయం. నా సైగలను పైమంచం ఆశన్న అందరికీ విడమరిచి చెబుతాడు, ఎక్కువగా తప్పే చెబుతాడు. నేను బూట్లు అడిగితే "ఉప్పియ్యుండ్రి వీనికి" అంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఊళ్లోనే ఉంది కదా, ఊరు మంచిగానే ఉండాలి.

శుక్రవారం ఇంటికి ఫోన్ కలుపుతాను. నా గొంతే ఎత్తుతుంది.

"హలో, ఎవలు?"

చెప్పడానికి నాకు గొంతు లేదు. వెనక అక్షిత పకపకా నవ్వడం వినిపిస్తుంది. "ఎవలో గని మాట్లాడ్తలేరు బిడ్డా," అని నా గొంతు ఫోన్ పెట్టేస్తుంది. దాని తప్పేమీ లేదు, నేనైనా అలాగే పెట్టేస్తాను.  కానీ ఇన్నేళ్లలో ఆ నవ్వు నాకోసం ఒక్కసారి కూడా రాలేదు.

సెలవు అయ్యాక పోశెట్టి తిరిగి వస్తాడు. అతని డబ్బాలో సకినాలు, మామిడికాయ తొక్కు ఉన్నాయి. అడుగుదాకా వెతుకుతాను. నా తువ్వాలు ఉంది. గంగామణి ఉతికి, కొసలు లోపలికి మడిచి పంపింది. అందులో గొంతు లేదు.

"రమ్మంటె రానన్నది," అంటాడు పోశెట్టి. "బిడ్డను బడికి తోల్కపోతున్నది. పొలం కాడ నీళ్ల లొల్లయితె అదే పోయి మాట్లాడొచ్చింది. నీ పెండ్లాము గూడ, గీ గొంతుతోని సంసారం అల్కగున్నది, తిండి అడ్గది, బట్టలుతికే పని లేదు అంటున్నది."

బిడ్డ దాన్ని ఏమని పిలుస్తోందని సైగ చేస్తాను.

"ఉప్పు గావాల్నట," అంటాడు ఆశన్న.

పోశెట్టికి మాత్రం అర్థమవుతుంది. "బాపు అంటది," అని తల దించుకుంటాడు.

తువ్వాలును మడత విప్పకుండా గొంతు ఉండాల్సిన చోట పెట్టుకుంటాను. ఖాళీగా వదిలేస్తే ఇసుక గాలి లోపలికి దూరి ఈల వేస్తోంది.

నా సంగతి చూసి కూడా గదిలో వాళ్లకు బుద్ధి రాదు. వంటచేసే ఖాజా తన నిద్రను పంపేస్తాడు, ఇంట్లో వాళ్లకు పట్టడం లేదట. కొడుకు కూర్చోవడానికని ఆశన్న తన ఒడిని పంపేస్తాడు. ఇప్పుడు అతను కూర్చుంటే పళ్లెం నేరుగా నేల మీద పడుతుంది. ఏసీ గాలికి మంచాలు, తేలికైపోయిన మనుషులతో సహా, గోడ పక్కకు జరిగిపోతున్నాయి.

నేను సెలవు అడగడానికి ఫోర్‌మెన్ దగ్గరికి పోతాను. ఈసారి ఆశన్న సరిగ్గానే చెబుతాడు.

"నీ గొంతు పోయింది కదా," అంటాడు ఫోర్‌మెన్ ఓపికగా. "పోయి ఇంకా రాలేదు. అంటే నువ్వు సెలవులోనే ఉన్నావు. ఉన్న సెలవును మళ్లీ ఎట్లా ఇస్తారు?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టు నాకు రాదు. సెలవు అక్కరలేనివి సామాన్లే. ఆశన్న ఊరికి పోయే రోజున అతని డబ్బాల పక్కన ఇంకో డబ్బా తెచ్చుకుని, మోకాళ్లు ముడుచుకుని అందులో కూర్చుంటాను.

కాంటా ముల్లు కొంచెం కదిలి ఆగుతుంది. "తూకంల ఉన్నవ్," అంటాడు ఆశన్న. తాడు బిగించి, ఏ ఇంటికి పోయే సామాను మీద ఆ ఇంటివాడి పేరు రాసే అలవాటు చొప్పున, డబ్బా నాలుగు పక్కలా లావు అక్షరాలతో 'లింబాద్రి' అని రాస్తాడు. లింబాద్రి అంటే నేనే.

విమానం దిగాక బెల్టు మీద తిరుగుతున్నాను. పట్టుకోవడానికి అట్టకు కోసిన కన్నంలోంచి బయట అంతా కనిపిస్తోంది. ఆశన్న చేత వచ్చే సామాను కోసం అక్షిత వచ్చింది. పసుపు గౌను, రెండు జడలు. ఒక చేయి గాల్లోకి చాచి ఉంది, ఆ చేతిని నా గొంతు పట్టుకుని ఉంది. నా గుండె కొట్టుకునే ఊపుకు డబ్బా ఊగుతోంది.

"బాపూ, గీ డబ్బ మీద నీ పేరున్నది."

"నేను ఈడనే ఉన్న గద బిడ్డా," అంటుంది నా గొంతు. "నాకు నన్ను ఎవలు పంపుతరు? ఎవలో తప్పు రాసిండ్రు. అది మనది గాదు."

వేళ్లతో అట్టను తడతాను. అక్షిత వంగి కన్నంలోకి చూస్తుంది. ఆమె కన్ను గంగామణి కన్నే.

"లోపల ఎవలున్నరు?" అని గొంతు అడుగుతుంది.

"గా ఫోన్ల అంకుల్."

నేను నోరు తెరుస్తాను. ఆమె భయపడదు. కన్నంలో వేళ్లు పెట్టి నా నోట్లోంచి ఎర్రగళ్ల కొస పట్టుకుని లాగుతుంది.

"ఆఁ, గిది మన తువ్వాలే," అంటుంది నా గొంతు. "తెచ్చుకో బిడ్డా, పోదాం."

అక్షిత కొసను భుజాన వేసుకుని నడుస్తుంది. మడతలు విడుతున్నాయి, తువ్వాలు వస్తూనే ఉంది. వాళ్లు తలుపులు దాటి బస్సెక్కుతారు. బెల్టు నన్ను అటువైపు తిప్పుకుపోతుంది. నా నోటికీ ఆ బస్సు కిటికీకీ మధ్య సాగిన తువ్వాలు మీద దారిపొడుగునా జనం తడిబట్టలు ఆరేసుకుంటున్నారు.