జెట్ జంగయ్య ఆలస్యంగా వచ్చిన వారం

ఫోన్లలో వచ్చే జెట్ జంగయ్య బొమ్మల కథకు అమీర్‌పేటలో ఒక ఆనవాయితీ ఉంది. ఆకాశంలో ఎగిరే జంగయ్య వారం వారం ఎవరినో కాపాడతాడు. అలా బయటపడే మనిషికి, అక్కడి హాస్టల్లో ఉంటూ ఈ బొమ్మలేసే రాఘవేందర్ తనకు తెలిసినవాళ్ల ముఖమే పెడతాడు. హాస్టల్ వంటామె చిలకమ్మ అలాగే ఒక వారం కథలో మంటల్లోంచి బయటపడి, బజారంతా ఫోన్ చూపించుకుని మురిసిపోయింది.

అందుకే హాస్టల్ కింద చాయ్ అమ్మే అజ్మత్ అలీ నోరు తెరిచి అడిగాడు. అతని కూతురు అర్జూ గుండెకు చిల్లు. పంజాగుట్టలో ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్ మాటెత్తితే చాలు, వార్డు ఎగిరిపోయేలా ఏడుస్తోంది.

"గీ వారం మా బిడ్డను జంగయ్యతోని బచాయించు భాయ్. అది చూస్తే ధైర్యంగ లోపలికి పోతది."

"ఫికర్ చెయ్యకు అజ్మత్ భాయ్, నేను జూస్కుంట" అన్నాడు రాఘవేందర్.

బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది. కూలుతున్న ఫ్లైఓవర్ అంచున వేలాడే పిల్ల, ఇంతేసి కళ్లు. ఎడిటర్ హరిణి చూసి పెదవి విరిచింది.

"ఇంకా ఈ కాపాడటాలేంటండీ? జనం ఇప్పుడు చీకటి అడుగుతున్నారు, నిజం అడుగుతున్నారు. జంగయ్య ఆలస్యంగా రావాలి. పిల్ల పడి చచ్చిపోవాలి."

"సరే మేడం, మొఖం మారుస్త."

"అయ్యో, ముఖం ముట్టుకోకండి! ఇంత గొప్పగా మీరెప్పుడూ వేయలేదు."

ఆ ఒక్క మాటకు పొంగిపోయాడు మహానుభావుడు. ముఖం మార్చడం ఎంత పని? మనసొప్పలేదు, అంతే. పిల్లకు చూపించొద్దని అజ్మత్‌కు చెబుదాంలే అనుకున్నాడు. కథ వచ్చిన రోజు పొగడ్తలు వరదలా వచ్చి పడ్డాయి. ఆ సంబరంలో ఆ మాటే మరిచిపోయాడు.

అజ్మత్‌కు తెలుగు చదవడం రాదు. వార్డులో పక్క మంచాల వాళ్లను కూడా పిలిచి, మా బిడ్డను చూడండని, చివరిదాకా తను చూడకుండానే ఫోన్ తెలుగు చదవడం వచ్చిన కూతురి చేతిలోనే పెట్టాడు.

మర్నాడు సంగతి తెలిసి రాఘవేందర్ కాగితాలు పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అజ్మత్ గొడవ చేయలేదు. మంచం పక్కన చోటిచ్చాడు. జంగయ్య అర్జూను రెండు చేతుల్లో పట్టుకుని ఎగురుతున్నట్టు, పిల్ల చూస్తుండగానే గీశాడు రాఘవేందర్.

"గిది ఉత్తగ ఏసినవ్" అంది అర్జూ. కాగితం వెనక్కి ఇచ్చేసింది.

ఆపరేషన్ గదికి తీసుకుపోవడానికి నర్సు వచ్చింది. పిల్ల తండ్రి మెడ కరుచుకుపోయింది. ఎంతమంది పట్టి లాగినా రాలేదు. ఊపిరందక పెదాలు నీలంగా మారుతుంటే డాక్టరే వద్దన్నాడు. ఆపరేషన్ ఆగిపోయింది.

రాఘవేందర్ సిగ్గుతో చచ్చిపోతూ లేచాడు. తండ్రి భుజం మీంచి అర్జూ పిలిచింది.

"అన్నా, బొమ్మ కింద అందరు మస్తుంది, మస్తుంది అని రాసిండ్రు. నేను సచ్చిపోతే గంత మంచిగుందా?"