తాళం వెనక ఏమీ లేదన్నాను

"మీ అన్నయ్య ట్రేలో నీళ్ళు పోసేశారు, తొందరగా రా," అంది వదిన ఫోన్లో.

ఎందుకని అడగలేదు. అమ్మ ఫొటో అద్దానికి అతుక్కుపోయిందని వారం నుంచి అన్నయ్య తల పట్టుకు కూర్చున్న సంగతి నాకు తెలుసు. అమ్మది ఉన్నదే ఆ ఒక్క ఫొటో. నలుపు తెలుపు బొమ్మ మీద నాన్న సన్న కుంచెతో రంగులద్దాడు.

అన్నయ్యది ఫ్రేముల షాపు. నాదీ అదే. ఎదురెదురుగా ఉంటాం, ఉప్పూ నిప్పూలా. ఫ్రేములు కట్టేవాళ్ళ సంఘం ఒకటుంది. ఏ పని ఎలా చెయ్యాలో నియమాలు రాసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ప్రతి అంశంలో మొదటి నాలుగు లైన్లు ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. ఆ కింద తాళం బొమ్మ. ఏటా సభ్యత్వం కడితేనే అది తెరుచుకుంటుంది. నేను కట్టాను. అన్నయ్య కట్టలేదు.

"ఆ తాళం వెనక ఏముందే?" అని ఓసారి అడిగాడు.

"ఏముంటుంది, గొప్పలు. నీకు తెలియనిది ఒక్క ముక్క లేదు," అన్నాను. కుళ్ళుతోనే అన్నాను. నేను డబ్బు పోసి నేర్చుకున్నది తనకి ఊరికే ఎందుకు పోవాలి?

ఫోన్ కౌంటరు మీద పడేసి రోడ్డు దాటాను. అన్నయ్య చదివిన ఆ నాలుగు లైన్లు నాకూ కంఠతా వచ్చు. అద్దానికి అతుక్కున్న ఫొటోని శుభ్రమైన నీళ్ళలో అరగంట నానబెడితే విడివస్తుంది. ఐదో లైను తాళం వెనక ఉంది. చేత్తో రంగులు వేసిన ఫొటోని నీళ్ళ దగ్గరికే తీసుకెళ్ళకూడదు.

బల్ల మీద వెడల్పాటి ట్రే. అన్నయ్య అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని దాని మీదికి వంగి ఉన్నాడు.

"ఆగు! రంగులు పోతాయి!"

"ఎవరు చెప్పారు?" తల ఎత్తలేదు.

"సంఘం వాళ్ళే రాశారు. తాళం వెనక ఉంది."

"అక్కడేమీ లేదన్నది నువ్వే కదా? నా చేతిలో ఒక పని బాగుపడితే నీకు నిద్ర పట్టదు. ఈ తాటాకు చప్పుళ్ళకి నేను బెదరను."

అద్దం కింది అంచు నీళ్ళకి తగిలింది. తలుపు దగ్గర వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అబద్ధం చెప్పాను అన్నయ్యా! నువ్వు నన్ను మించిపోతావని భయపడి చెప్పాను!"

అన్నయ్య చేతులు ఆగాయి. అద్దం పైకి లేచింది. అమ్మ చీర అంచులో ఉన్న ఆకుపచ్చ రంగు కొంచెం కరిగి ట్రేలోకి కారింది. అంతవరకే పోయింది. అన్నయ్య ఆ తడిని మెత్తటి కాగితంతో అద్దాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"ఏమీ చెయ్యకూడదు. అద్దంతో పాటే ఫ్రేము కట్టెయ్యాలి."

అన్నయ్య కంప్యూటర్ని నా వైపు తిప్పాడు. "పాస్‌వర్డ్ కొట్టు. మొదటి పేజీ నుంచి గట్టిగా చదువు. నాకేం తెలియదో ఇవాళ తెలియాలి."

చదివాను. మూడో పేజీలో టేపు సంగతి వచ్చింది. మామూలు టేపుతో బొమ్మని అంటిస్తే కొన్నేళ్ళకి పసుపు మరక కడుతుందట. అన్నయ్య వాడేది ఆ టేపే. మరకలు పట్టిన తన ఫ్రేముల్ని బాగుచేయించుకోడానికి జనం నా షాపుకే తెచ్చేవాళ్ళు. "ఎవరు చేశారండీ ఈ దిక్కుమాలిన పని?" అని, ఎవరో తెలిసే, కస్టమర్లతో కలిసి నవ్వేదాన్ని.

"ఆగావేం?" అన్నాడు అన్నయ్య. "చదువు."