మూడు గీతల గాలి

అమ్మ మణికట్టు పట్టీలో ఆ అదనపు గాలి ఎక్కించింది తనేనని కూతురు ఇంతవరకూ ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు.

అమ్మ పసిపిల్లల క్రెష్‌లో ఆయా. పన్నెండుమందికీ పాలు పట్టి, గుడ్డలు మార్చి, కుడి మణికట్టు మొదటి ఉయ్యాల కమ్మీకి ఆనించి కూర్చునేది. ఆమె నాడి కొట్టుకునే కొద్దీ పన్నెండు ఉయ్యాలలూ ఊగేవి. "మెట్లెక్కి వచ్చీరాగానే చెయ్యి పెట్టకే తల్లీ, పిల్లలకి కళ్ళు తిరుగుతున్నాయి" అనేది క్రెష్ నడిపే మేడమ్.

మూడు రోజుల క్రితం గుండె పరీక్షకని ఆ మణికట్టులోంచే సన్నటి గొట్టం పంపారు. గుండె బాగానే ఉందన్నారు. గొట్టం తీసిన చోట నెత్తురు ఆగేలా నొక్కే పట్టీ బిగించి, సిరంజితో దాన్లో గాలి నింపి, "నెత్తురు కనిపిస్తే నన్ను పిలువు, నువ్వు ముట్టుకోకు" అని చెప్పి వెళ్ళింది నర్సు.

కాసేపటికి పట్టీ అంచున ఎర్రటి చుక్క. కూతురు ఫోన్లో చూసి చూసి సగం వైద్యం నేర్చినది. బల్లమీది సిరంజి తీసుకుని మూడు గీతల గాలి ఎక్కించేసింది. నెత్తురు ఆగింది. "నా తల్లే, చెయ్యి తిరిగినదానివి" అని మురిసింది అమ్మ.

ఇవాళ అమ్మ మళ్ళీ పనిలోకొచ్చింది, కూతురు తోడుగా. పట్టీ తీసేసిన కుడి మణికట్టు కమ్మీకి ఆనించింది.

ఒక్క ఉయ్యాలా కదల్లేదు. పన్నెండుమంది పిల్లలూ కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నారు.

"చెయ్యి వెచ్చగానే ఉందే" అంది అమ్మ, తనలో తను.

కూతురు ఆ మణికట్టు పట్టుకుని వెతికింది. బొటనవేలి వైపు ఏమీ అందలేదు. పట్టీలో గాలి ఎక్కువైతే అటు నాళం మూసుకుపోవచ్చట, అయినా చిటికెనవేలి వైపు నాళం చేతిని వెచ్చగానే ఉంచుతుందట. నిన్నే చదివింది. చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఎడమది పెట్టి చూడు" అంది మేడమ్. పెట్టింది. ఉయ్యాలలు అడ్డదిడ్డంగా ఊగాయి, పిల్లలందరూ గుక్కపట్టారు. మేడమ్ దగ్గరున్న పిల్లని ఎత్తుకుంది. "ఇలాగైతే ఇంకొకరిని చూసుకోవాలమ్మా."

అమ్మ కుడి చెయ్యే మళ్ళీ ఆనించింది. కిటికీ పక్కన, చిట్టచివరి ఉయ్యాల వెంట్రుకవాసి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

దారి ఇంకా పూర్తిగా మూసుకోలేదు. డిశ్చార్జి కాగితం సంచిలోనే ఉంది. అడుగున నర్సు నంబరు, పక్కన ఆవిడ చేతిరాత: నాడి అందకపోతే ఆలస్యం చెయ్యొద్దు, తొందరగా వస్తే తెరవొచ్చు.

ఆవిడ మొదట అడిగేది గాలి గురించే.

కూతురు ఫోన్ తీసింది.

"ఎవరికే?" అంది అమ్మ.

"నర్సక్కకి. నువ్వూ వినమ్మా."