అరువు తెచ్చిన రాముడు

"ఏ దేవుడైనా ఫర్వాలేదంట, ఏ దేవుడూ లేకపోతేనే తంటా" అని గనుల కాలనీలో ఎవరో అన్నప్పటినుంచీ సుశీలమ్మకు అన్నం సహించడం లేదు. సిస్టర్ల బడిలో ఒకటో తరగతి సీటు ఇచ్చేముందు హెడ్ సిస్టర్ ఇళ్ళు చూసిపోతారు. ఈ ఇంట్లో గోడమీద యూనియన్ క్యాలెండరు తప్ప చూడటానికేమీ లేదు. భర్త సారంగపాణి దేవుడు లేడని మైకులో చెప్పే మనిషి. కూతురికి విమోచన అని పేరు పెట్టాడు. సర్కారు బడిలో పంతులు వారానికి రెండుసార్లు కనిపిస్తే గొప్ప గనక, "సీటు సంగతి నువ్వే చూస్కో" అని, సిద్ధాంతం తన దగ్గరే ఉంచుకొని షిఫ్టుకు పోయాడు.

సుశీలమ్మ చూసుకుంది. పక్క క్వార్టరు పుల్లమ్మను బతిమాలి, ఆమె పూజలోని రాముడి పటం తెచ్చి గోడకు తగిలించింది.

"దీపం యాళ్ళకు నా రాముడు నా ఇంట్ల ఉండాలె, చెప్తున్న" అంది పుల్లమ్మ.

"మూడింటికే వస్తదంటక్కా సిస్టరు. నాలుగింటికి తెచ్చిస్త."

జూలూరుపాడు బస్సు దిగి సిస్టర్ వచ్చేసరికి ఆరయింది. టీ తాగుతూ పటం వైపు చూశారామె.

"రోజూ పూజ చేస్తారా?"

"చేస్తమండి." సుశీలమ్మ ఇంతవరకూ దేవుడితో గానీ సిస్టర్లతో గానీ అబద్ధమాడి ఎరగదు. ఇప్పుడు ఇద్దరి ఎదుటా ఒక్కసారే ఆడింది.

అంతలో గడపలో పుల్లమ్మ. చేతిలో అగ్గిపెట్టె.

"సుశీలా! పొద్దుగూకింది. నా రాముణ్ణి నాకియ్యి." చరచరా లోపలికొచ్చి పటం తీసి కళ్ళకద్దుకుంది. "ఒక్క బొట్టన్న పెట్టలే! పొద్దంత ఉపాసముంచినవు గదనే నా తండ్రిని!"

సిస్టర్ కప్పు కింద పెట్టారు. ఇంకేముంది అనుకుంది సుశీలమ్మ. సీటు పోయింది.

"మరి మీ దేవుడెక్కడ పాపా?" అని తల్లి పక్కనున్న పిల్లను అడిగారు.

"మాకు లేడు సిస్టర్" అంది విమోచన. "పెద్దమ్మకున్నడు. అవుసరమైతే ఇస్తది."

"బడిలో రోజూ ప్రార్థన ఉంటుంది. అప్పుడేం చేస్తావు?"

పిల్ల తల్లివైపు చూసింది. తల్లి నేలవైపు చూసింది.

"నిలబడ్త. మా నాన్న మీటింగుల చచ్చిపోయినోళ్ళ కోసం నిలబడ్తం గద. మాట్లాడొద్దు, నవ్వొద్దు, గోక్కోవద్దు."

సిస్టర్ నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. రెండు ముక్కలు రాయడానికి అంతసేపా అనిపించింది సుశీలమ్మకు.

"సోమవారం తీసుకురండి" అన్నారామె లేస్తూ. "కుదురుగా నిలబడటం వచ్చిన పిల్లలు మా దగ్గర తక్కువ."

సిస్టర్ వీధి మలుపు తిరిగారో లేదో పుల్లమ్మ అందుకుంది. "చూసినవా నా రాముని మహిమ! నువ్వు, మీ ఆయన భద్రాచలం పోయి కొబ్బరికాయ కొట్టాలె. నేను మొక్కిన."

"నువ్వెప్పుడు మొక్కినవక్కా?"

"పటం ఇచ్చేటప్పుడే. ఊకనే ఇస్తనా?"

సీటు దొరికిందని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. కొబ్బరికాయ సంగతి ఏ కొసనుంచి మొదలుపెట్టాలో సుశీలమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది, బయట సారంగపాణి సైకిల్ స్టాండు వేశాడు.