అరువు నెత్తురు

కాలిన చెరుకు మసి మీద చెమట కారి ఎవేలియో మొహం చారలు కట్టింది. పొద్దుటినుంచి మూడు టన్నులు కొట్టాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. టన్నుకి యాభై కోర్డోబాలు కూలి. గట్టు మీంచి మేస్త్రీ గుమెర్సిందో కేకేశాడు.

"ఎవేలియో! చీటీ నీకే తగిలింది. రేపు పరీక్షకి నెత్తురివ్వాలి."

ఎవేలియో కత్తి కింద పెట్టేశాడు. తన కిడ్నీల సంగతి తనకి తెలుసు.

ఆ చీటీల కోసం మా కూలీల సంఘం నలభై రోజులు సమ్మె చేసింది. అంతకుముందు మిల్లువాళ్లు దిట్టమైన కుర్రాళ్లనే ఏరి పరీక్ష చేయించి, కూలీలందరికీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనేవారు. ఈసారి రాజధాని నుంచి ఇరేలా అనే లెక్కలమ్మాయి వచ్చి, పదకొండు వందల పేర్లు డబ్బాలో వేసి అరవై తీసింది.

"చిక్కుళ్లు ఉడికాయో లేదో నాలుగు గింజలు నొక్కితే తెలీదూ? కాకపోతే కుండ బాగా కలిపి తియ్యాలి," అంది.

అరవై మంది నెత్తుట్లో కిడ్నీలు వడకట్టలేని మలినం సగటున హద్దు దాటితే మిల్లు పొలంలో నీడ, మంచినీళ్లు, జబ్బుపడ్డవాళ్లకి పింఛను ఇవ్వాలి. కానీ నెత్తురు చెడిందని తేలినవాడికి మర్నాడే పని ఉండదు. ఆ ఒక్క షరతు మిల్లు వదల్లేదు.

"మా నోర్విన్‌ని పంపుదాం," అంది భార్య దమియానా. నోర్విన్ ఆమె తమ్ముడు, కోతకి ఇంకా కొత్త, నెత్తురు ఇంకా చెడలేదు.

"సగటు పడిపోద్దే!"

"నీ ఒక్కడి నెత్తుటితో పోయే సగటా? మిగతా యాభై తొమ్మిది మంది లేరూ?"

నోర్విన్ చొక్కా చెయ్యి మడుస్తూ నవ్వాడు. "ఇచ్చేస్తాలే బావా. నాకేం, బిస్కట్ పొట్లం కూడా ఇస్తారంట."

మర్నాడు నెత్తురు తీసేచోట మేస్త్రీ నోర్విన్‌ని చూసి కూడా ఎవేలియో పేరుకే టిక్కు పెట్టాడు. మిల్లుకి కావలసిందీ అదే.

పది రోజులకి ఇరేలా గేటు దగ్గర కాగితం చదివింది. సగటు హద్దుకి ఎంతో కింద. ఆ ఏడు మా పేటలోనే కిడ్నీలు చెడి పోయినవాళ్లని పద్నాలుగు మందిని పాతిపెట్టాం.

"ఈ లెక్క నేను నమ్మను," అంది ఇరేలా. "మీ బదులు వేరేవాళ్లని పంపినవాళ్లు లేచి చెప్పండి. ఒక్కరు చెప్పినా ఇది కొట్టేసి మళ్లీ తీస్తాను."

అందరూ నేలచూపులు చూస్తున్నారు. ప్రతి ఇంట్లోనూ అదే మాట అనుకున్నారని ఎవేలియోకి అప్పుడు తెలిసింది. లేచి నిలబడ్డాడు.

దమియానా చొక్కా పట్టుకుని లాగింది. "కూచోవయ్యా! ముగ్గురు పిల్లలు!"

"ఏరా ఎవేలియో, ఒంటేలుకా?" అన్నాడు మేస్త్రీ. జనం నవ్వారు.

"కాదు. నా బదులు వేరేవాణ్ణి పంపాను," అన్నాడు ఎవేలియో.

మేస్త్రీ కూలీల పేర్ల పుస్తకంలో ఎవేలియో పేరున్న పేజీ తెరిచి, పెన్సిలు నాలిక మీద తడుపుకున్నాడు.