ఒడిలో ఎనిమిది చేపలు

అదేమన్నా ఏనుగును కొనిచ్చినాడా, రెండడుగుల గాజు తొట్టి, అంతే కదా, అనుకుంటూ ముద్దుకృష్ణ కిటికీ పక్క సీట్లో సర్దుకున్నాడు, ఒడిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో సగం నీళ్లు, పైసగం ఆక్సిజన్, ఆ నీళ్లలో నల్లచారల టైగర్ బార్బు చేపలు ఎనిమిది ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, కుప్పం బస్సు మదనపల్లె దాటి టమోటా లారీల వెనక నిదానంగా పోతోంది, ఆ తొట్టి కొన్నది వియ్యంకుడు అంజినప్ప, కూతురు సుధారాణికి మామగారు, ఒకే ఇల్లు కాబట్టి తొట్టీ అక్కడే, మనవరాలు చాందినీ అక్కడే, పోయిన ఆదివారం ఫోన్లో ఆ ఏడేళ్ల పిల్ల ఎంత సంబరంగా చెప్పింది, మదనపల్లె తాతా, తాత నాకు చేపలు తెచ్చినాడు, రెండు ఏంజెల్లు, నాలుగు ప్లాటీలు, నేను గాజు మీద వేలు పెడితే పెద్ద ఏంజెల్ ఆడికే వస్తాది, అంది, అంటే ఆయన వట్టి తాత, తను మదనపల్లె తాత, బస్సుకు బోర్డు కట్టినట్టు ఊరి పేరు కడితే తప్ప తను ఎవరో తెలియదన్నమాట, వారం రోజులుగా ఆ మాట పంటి సందులో పీచులా ఉంది, నాలుకతో ఎంత తోసినా రాదు.

పొద్దున చేపల అంగట్లో భానుప్రకాశ్ వల చేతిలో పట్టుకుని అడిగాడు, సార్, తొట్టి ఎంతుండాది, లోపల ఏమేముండాయి, అని, అడగాల్సిందే అడిగాడు పాపం, ఏమీ లేవప్పా, ఖాళీ తొట్టి, అనేశాడు తను, అబద్ధం అంత నున్నగా వస్తుందని యాభై ఎనిమిదేళ్లకు తెలిసింది, రెండడుగుల తొట్టికి ఎనిమిది దాటనీకండి సార్, దాటితే నీళ్లపైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, ఇవి గుంపుగా ఉంటే తమలో తాము కొట్లాడుకుంటా ఉంటాయి, ఏంజెల్‌ను మాత్రం ఎప్పటికీ కలపొద్దు, ఇవి వట్టి పోకిరీలు, దాని పొడుగు రెక్కలు సూస్తే ఊరుకోవు, తెల్లారేకి కొరికి పీలికలు చేస్తాయి, అని భానుప్రకాశ్ చెబుతుంటే తనకు అంజినప్ప తెచ్చిన ఏంజెల్ రెక్కలు ఊడి అడుగున గులకరాళ్ల మీద ఒరిగినట్టు, తను తెచ్చిన ఎనిమిదీ తళతళమంటూ తిరుగుతున్నట్టు, చాందిని వేలు ఇప్పుడు వీటి వెంట జరుగుతున్నట్టు కనపడింది, ఇవే ఇవ్వు అన్నాడు, ఎంత నెమ్మదిగా అన్నాడో.

పట్టు పరిశ్రమ శాఖలో ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగమేంది మరి, బి.కొత్తకోట పల్లెల్లో పురుగులు మేపే రైతులకు చెప్పిందే చెప్పడం, జ్వరం లేచిన, అదే కుబుసం విడిచిన పురుగును పాత తట్టలోనే కుక్కొద్దప్పా, పెరిగే ప్రాణం, తట్టలు పెంచు, జాగా ఇయ్యి, కిక్కిరిస్తే ఒకదాని రోగం అన్నిటికీ అంటుతుంది, అని గొంతు పోయేదాకా చెప్పిన మనిషి, ఆరు చేపలున్న తొట్టిలోకి ఇంకో ఎనిమిదిని మోసుకుపోతున్నాడు, అదీ తెలిసి, పక్క సీటులోని పల్లెటూరామె చూసి చూసి, అయ్యో, ఎండ సంచి మీదే పడతాంది సూడప్పా, నీళ్లు కాగితే సస్తాయి గదా, అని తన కొంగు చివర లాగి సంచి మీద గొడుగులా పట్టుకుంది, చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకుంది కానీ కొంగు తియ్యలేదు, ఎవరికప్పా ఇవి, మనవరాలికమ్మా, ఎంత ప్రేమప్పా నీకు, అంది, ముద్దుకృష్ణ కిటికీలోంచి బయటికి చూశాడు, వేరుశెనగ చేలు, ఎర్రమట్టి, ఆమె ముఖం చూసే ధైర్యం మాత్రం లేదు.

పుంగనూరు బస్టాండులో పది నిమిషాలు ఆగుతాది అన్నాడు కండక్టరు, కాళ్లు తిన్నగా ఎస్టీడీ బూతుకే పోయాయి, సంచి మోచేతికి తగిలించుకుని కుప్పం నంబరు తిప్పాడు, చాందిని గొంతు వింటే చాలనుకున్నాడు, ఎత్తింది అంజినప్పే, బావా, యాడుండావు, పుంగనూరా, దిగేటప్పటికి నేను స్టాండులో ఉంటాలే, మనవరాలు పొద్దున్నించి వాకిట్లోనే ఉండాది, అని ఆయన గొంతు బూతంతా నిండింది, తొట్టిలో ఎన్ని చేపలుండాయి బావా, అని తను అడిగాడు, తెలిసిన లెక్కే ఎందుకడిగాడో, ఆరే బావా, నన్ను ఇడిసిపెట్టింటే ఇరవై ఏసుందును, నా సంగతి నీకు తెలీదా, మీ చెల్లెలు అంగట్లోనే నా చెయ్యి పట్టుకునె, చాలప్పా, ఇంక రెండిటికి జాగా పెట్టు, అన్న ఉత్త చేతుల్తో రాడు, అనె, అని పకపకా నవ్వాడు, వెనక నుంచి ఆయన భార్య కాంతమ్మ, అదంతా యాల సెప్పేది, సిగ్గు లేకపోతే సరి, ఫోన్ పెట్టు, ఆడ అన్నకు బస్సు పోతాది, అంటోంది, నీ మాటే సెప్తాండాను గదమ్మే, అంటున్నాడు అంజినప్ప, తనతో మాట్లాడుతున్నానన్న సంగతే మరిచి.

రిసీవరు పెట్టేశాక కూడా ఆ ఇద్దరి గొంతులు చెవిలోనే ఉన్నాయి, ముద్దుకృష్ణ బస్సులోంచి గుడ్డసంచి తీసుకుని పల్లెటూరామెకు దండం పెట్టి దిగాడు, మదనపల్లెకు పోయే బస్సెక్కి చేపలను మళ్లీ ఒడిలో పెట్టుకున్నాడు, వెనక్కి పోయి వీటిని ఇచ్చేసి, భానుప్రకాశ్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, రెండు ప్లాటీలు తీసుకుని, అంజినప్పకు ఫోన్ చేసి చెప్పి, సాయంత్రం బస్సుకు బయలుదేరితే సరి, చాందిని ఇంకాసేపు వాకిట్లో ఉంటుంది, అంతే, కానీ ఇంత కుళ్లు ఎక్కణ్ణించి వచ్చింది తనకు, పిల్ల ఆయన్ను తాత అన్నందుకా, కాదు, ఇప్పుడు ఆ పిలుపు తలుచుకుంటే ఎక్కడా నొప్పి లేదు, నొప్పంతా కాంతమ్మ పట్టుకున్న ఆ చెయ్యి దగ్గర ఉంది, భార్య ప్రమీల పోయి రెండేళ్లు, ఈ రెండేళ్లలో ఎన్ని అంగళ్లు ఎక్కి దిగాడు, ఎన్ని మాటలు అన్నాడు, ఎంత కోపాన్ని ఎంత దూరం మోశాడు, చాల్లేప్పా, అని ఎవరూ మోచెయ్యి పట్టి ఆపలేదు, అంజినప్ప దగ్గరున్న తొట్టిని చూసి కాదు, మనవరాలిని చూసి కాదు, ఆపే మనిషి ఇంకా ఆయన పక్కన ఉందని తను ఏడ్చాడు.