వేరు చూసి తెచ్చిన పువ్వు

మా ఆయన బసవయ్య కందులు కొనే పద్ధతి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మీరాలం మండి దగ్గర మాది టోకు దుకాణం. బండి దిగిన ప్రతి గోనెలోకీ ఇనుప గొట్టం గుచ్చి, లోపలి గింజలు అరచేతిలోకి లాగి, ఊది, కొరికి, వాసన చూశాక గానీ ధర మాట మాట్లాడడు. అడుగున పుచ్చు గింజలున్న సంచి ఆయన దగ్గర చెల్లదని మండిలో పేరు. అదే మనిషికి ఒక పువ్వు కనబడిందా, ఇక ఒళ్లు తెలియదు.

బాగెయాం తోటలో మొదటిసారి నుమాయిష్ ప్రదర్శన పెట్టిన ఏడాది పట్టుకుంది ఈ పిచ్చి. కలకత్తా నుంచి వచ్చిన ఒకతను కొండల మీద పెరిగే పూలచెట్లు అమ్మాడట. ఆర్కిడ్లంటారట వాటిని. మట్టి అక్కర్లేదు, చెక్క ముక్కకు కట్టి గాలికి వేలాడదీస్తే చాలన్నాడట. మా ఆయన ఒకటి కొని, జట్కాలో ఒళ్లో పెట్టుకుని మరీ ఇంటికి తెచ్చాడు. అబద్ధమెందుకు, పువ్వు అందంగానే ఉంది. ఊదారంగు రెక్కలు, మధ్యలో పసుపు. వీధిలో వాళ్లంతా వచ్చి చూసిపోయారు. కొన్నాళ్లకు పువ్వు రాలింది. ఆ తర్వాత ఆ చెట్టు ముఖం చూసింది నేనొక్కదాన్నే.

అంతటితో ఆగితే నాకింత కథ ఉండేది కాదు. ఆ కలకత్తా మనిషి ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ముందు మా దుకాణం మెట్లెక్కేవాడు. వచ్చినప్పుడల్లా పూసిన చెట్టొకటి మా ఇంటికి చేరేది. మూడేళ్లు తిరిగేసరికి యాకుత్‌పురాలోని మా ఇంటి వసారా దూలాలకు ఖాళీ లేదు. అన్నీ పూలతో వచ్చినవే. ఒక్కటీ మా ఇంట్లో మళ్లీ పూయలేదు.

మంచు కురిసే కొండ మీద పుట్టిన చెట్టు హైదరాబాదు ఎండలో బతకాలంటే ఎవరో ఒకరు దాని వెంట పడి చావాలి. ఆ ఎవరో నేను. దుకాణం నుంచి తెచ్చిన పాత గోనెలు వసారా చుట్టూ కట్టాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాటిని తడపాలి, చెట్ల మీద నీళ్లు చిలకరించాలి. మా వాకిట్లో చేదబావి చైత్రం వచ్చేసరికి అడుగంటుతుంది. తాడు చాలక ఇంకో తాడు ముడివేయాలి. నా భుజాలు ఎప్పుడు నొప్పి లేకుండా ఉన్నాయో నాకే గుర్తులేదు. నెలకు మూడు రోజులు నేను దూరంగా కూర్చుంటే చెట్లు ముట్టకూడదు గనక, పాలు పోసే బాలమ్మ వచ్చి ఆ పని చేసిపోయేది. ఆ మూడు రోజులే నాకు సెలవు. కడుపునొప్పితో ముడుచుకు పడుకుని కూడా హాయిగా ఉందనుకునేదాన్ని, చూడండి నా బతుకు.

మా వీధి చివరే రైలు స్టేషను. పొద్దున బండి కూతవేసి జడ్చర్ల వైపు పోతుంది. జడ్చర్లలో మా అక్క వాసవాంబ ఉంది. అమ్మ పోయినప్పుడు నేను పసిదాన్ని. నాకు తల దువ్విందీ, అన్నం కలిపి పెట్టిందీ, వెంటబెట్టుకుని అంగడికి తీసుకుపోయిందీ అక్కే. బెండకాయ కొన విరిచి చూడాలనీ, వంకాయను ముచ్చిక దగ్గర చూడాలనీ, నిగనిగలాడే పైతోలు చూసి మోసపోవద్దనీ నేర్పింది ఆమే. ఏ వస్తువు చేతికిచ్చినా అక్క బొటనవేలు ముందు దాని అడుగుకు పోయేది. మామిడిపండైనా, మట్టికుండైనా అంతే. మేం నవ్వితే తానూ నవ్వేది గానీ వేలు మాత్రం ఆగేది కాదు.

ప్రతి ఎండాకాలం రమ్మని అక్క కబురు పెట్టేది. ప్రతి ఎండాకాలం మా ఆయన ఒకే మాట అనేవాడు. నువ్వు పోతే చెట్లు ఎండిపోతాయి, వానలు పడ్డాక పోవచ్చు. వానలు పడ్డాక ఇంట్లో ఏదో ఒక పని తగులుకునేది. అట్లా రెండేళ్లు పొద్దున బండి కూత విని, చేద బావిలోకి వదిలాను.

జర్మనీవాళ్లతో జంగు, అదే యుద్ధం, మొదలైన రెండో ఎండాకాలంలో మా బావ గుమాస్తా ప్రకాశం మా దుకాణానికి పని మీద వచ్చి, ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. అక్క మంచం దిగడం లేదట. కాళ్లు వాచాయట. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంటోందట. డాక్టరు ఇక మందు మార్చేది లేదన్నాడట. వానల దాకా ఉంటుందా అని అడిగాను. ప్రకాశం మంచినీళ్లు అడిగాడు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి బట్టలు సర్దుకుని ఉన్నాను. ఆయన చేతిలో మళ్లీ ఒక చెట్టు. తెల్లని పూలు, గొంతులో గులాబీరంగు, ఒక కొమ్మకు ఎన్ని పూలో. కలకత్తా మనిషి ఇక ఈ జంగు తీరేదాకా రాడట, ఇదే ఆఖరుదట, చూడగానే మనసు ఆగలేదట. నేను అక్క సంగతి చెప్పాను. ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది. అక్కంటే ఆయనకూ గౌరవమే. అయినా చెట్టు వంక ఒకసారి చూసి, నాలుగు రోజులు ఆగితే ఎండ కాస్త తగ్గుతుందేమోనన్నాడు. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను. ఎదురు చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

మర్నాడు ఆయన దుకాణానికి పోయాక చెట్లన్నీ దింపి వసారాలో వరుసగా పెట్టాను. బతికేవేవో చూసి, వాటినే బాలమ్మకు అప్పజెప్పి పోదామని నా ఆలోచన. ఒక చెట్టు వేరు పట్టి గోటితో గీరాను. పైపొర తొడుగులా ఊడి చేతికొచ్చింది. లోపల ఎండు దారం మిగిలింది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. ఆకులు కాస్త ముడుతలు పడి ఉన్నాయే గానీ, పైకి చెట్లలాగే ఉన్నాయి. అడుగున ఏమీ లేదు. ఎప్పుడు చచ్చాయో ఏమో. వసారా నిండా ఉన్న చెట్లలో బతికినవి రెండు. అందులో ఒకటి ఆయన కొన్నది కాదు. కట్టెల బండిలో ఒక కొమ్మను పట్టుకుని వచ్చిన బదనిక అది, మన అడవుల్లో చెట్ల మీద పెరిగే పూలచెట్టు. వేర్లు బలంగా ఉన్నాయని చూసి నేనే ఏరి ఉంచుకున్నాను.

చచ్చిన చెట్లకు నీళ్లు పోస్తూ రెండేళ్లు అక్కను చూడకుండా ఉండిపోయాను. ఏడుపు రాలేదు. ముందు ఒళ్లు మండింది. కాసేపటికి ఆ మంట కూడా పోయి, ఎక్కడైనా కూలబడాలనిపించింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని భయమేసి నిలబడే ఉన్నాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన ఆ వరుస చూసి గుమ్మంలోనే ఆగాడు. నేను ఎండిన వేర్లు కొన్ని ఆయన అరచేతిలో పెట్టాను. ఇక చెప్పాల్సిన పనిలేదు. పుచ్చు గింజ పట్టిన చెయ్యి కదా, వేళ్ల మధ్య నలపగానే తెలిసిపోయింది. 

"అన్నీ గిట్లనేనా?"

"రెండు తప్ప. మీరు నిన్న తెచ్చినదానికైతే అసలు వేర్లే లేవు. ఆ కలకత్తా మనిషి కొబ్బరిపీచు చుట్టి కట్టిండు."

"సంచి అయితే గుచ్చి చూద్దును. పువ్వును ఎట్ల గుచ్చుతమే?"

ఆ మాట ఎంత దీనంగా అన్నాడంటే, తిట్టడానికి నేను దాచుకున్న మాటలన్నీ దండగైపోయాయి. అన్నం వడ్డించాను. తిన్నాక మధ్యాహ్నపు బండికి తనే జట్కా మాట్లాడుకుని రావడానికి పోయాడు. స్టేషను వీధి చివరే కదా, జట్కా ఎందుకని అడిగితే, నా చేతులకు బరువుండొద్దన్నాడు. మూడేళ్లలో నా చేతుల గురించి ఆయన అన్న మొదటి మాట అది.

అక్కకు ఒక చెట్టు తీసుకుపోవాలనిపించింది. ఇన్నాళ్లు రాలేదేమంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఏది తీసుకుపోవాలో ఆలోచించాల్సిన అవసరమే లేదు. నా బదనికకు వేర్లు వేలంత లావున్నాయి, కొనలు పచ్చగా ఉన్నాయి. అక్క నేర్పిన చొప్పున చూస్తే అదే చెట్టు. తడిగుడ్డ చుట్టి సంచిలో పెట్టాను. జట్కా వచ్చింది. గుమ్మం దాకా పోయి ఆగిపోయాను. బదనికకు మొగ్గ కూడా లేదు. వానలు బాగా పడితే అప్పుడు పూస్తుంది. వానలు పడ్డాక కదా.

వెనక్కి వచ్చి బదనికను తీసి వాకిట్లోని వేపకొమ్మకు కట్టేశాను. వేరులేని ఆ తెల్లపూల చెట్టు చేతిలోకి తీసుకున్నాను. ఒంట్లో మిగిలిన కాస్త పసరుతో పూసి నిలబడింది అది. ఎన్నాళ్లో ఉండదు.

"దానికి వేర్లు లేవంటివి కదా" అన్నాడు మా ఆయన.

"తెలుసు" అన్నాను.

బండిలో కాలు పెట్టే చోటు లేదు. సిపాయిలు, మూటలు, పిల్లలు. పూలకు ఎవరి మోచెయ్యీ తగలకుండా దారి పొడవునా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన మొదటిసారి జట్కాలో ఎట్లా కూర్చుని వచ్చాడో అప్పుడు తెలిసింది. పువ్వు అంత దగ్గరగా ఉంటే నిజంగానే ఇంకేమీ కనబడదు. ఎదురుగా కూర్చున్న ముసలామె, ఇంత అందమైన చెట్టు ఎక్కడ దొరికింది బిడ్డా అని అడిగింది. మా ఇంటాయన చూసి తెచ్చాడని చెప్పాను.

అక్క దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం సగమైంది, కాళ్లు రెండింతలయ్యాయి. నన్ను చూసి నవ్వింది. ఎందుకు రాలేదని అడుగుతుందనుకుని దారంతా జవాబులు కూడబెట్టుకున్నాను. ఆమె అది అడగలేదు.

"నీ చెట్లకు నీళ్లెవరు పోస్తున్నరే?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే కనుక్కుంటోంది. నేను రెండేళ్లు రాకపోతే, ఆ చెట్లు ఎంత గొప్పవో అనుకుని ఉంటుంది.  బాలమ్మ ఉందిలే అక్కా అని చెప్పి, చెట్టు ఆమె ఒళ్లో పెట్టాను.

అక్క పూలవంక చాలాసేపు చూసింది. ఒక్కో పువ్వునూ వంచి దాని గొంతులోకి చూసింది. ఆ చూస్తుండగానే అలవాటు కొద్దీ ఆమె బొటనవేలు మెల్లగా పూల కిందికి, ఆకుల కిందికి, పీచులోకి పోయింది.  ఆపుదామని చెయ్యి చాచి, ఆపలేకపోయాను. వేలు పీచంతా వెతికింది. ఏమీ దొరకలేదు. అక్క తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"పది దినాలు ఉంటదా?"

"ఉంటదక్కా."

"మంచిగ చూసే తెచ్చినవ్" అంది.

దాన్ని తన కళ్లకెదురుగా కిటికీ ఊచకు కట్టమంది. కట్టాను. కిటికీలోంచి వడగాలి కొడుతోంది, పూలు కదులుతున్నాయి. నా కాళ్లు వాటంతట అవే వాకిట్లో బావి వైపు కదిలాయి. మూలనున్న చెంబు చేతిలోకి తీసుకున్నాను.

"దానికి నీళ్లెందుకే" అంది అక్క, తన పక్కన మంచం మీద చేత్తో తడుతూ. "కూసో."

చెంబు కింద పెట్టి కూర్చున్నాను.